నూలు కట్ట ఎవరిది?



చేనేత మీద మాట్లాడమంటే చాలామంది చీర దగ్గర మొదలుపెడతారు. అంచు, కొంగు, బుటా, రంగుల పొందిక. ఈ పూట నేను చీర దాకా వెళ్లను. చీర కాకముందు ఉండే నూలు దగ్గరే నా మాటంతా. పరిశ్రమకు ముడిసరుకు ఎంత అవసరమో పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది, సరుకు లేనిదే ఉత్పత్తి లేదని. నిజమే గాని, అందులో మనకు తెలియనిది ఏముంది? ఆ సరుకును ఎవరు కొంటున్నారు, ఎవరి డబ్బుతో కొంటున్నారు అని అడిగితే మాత్రం కథ మారిపోతుంది. లాభం ఎటు పోతోందో అక్కడే తెలిసిపోతుంది.

ముందు నూలును కాస్త దగ్గరగా చూద్దాం. మిల్లు నుంచి చేతిమగ్గానికి వచ్చే నూలు చిలపలుగా వస్తుంది. గజంన్నర చుట్టుకొలత ఉన్న చట్రం మీద 560 చుట్లు చుడితే ఒక చిలప. అంటే 840 గజాల దారం. విప్పి చూస్తే అందులో ఏడు పాయలుంటాయి, పాయకు 80 చుట్లు. ఇలాంటి చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే ఆ నూలు నంబరు. మంగళగిరి చీరలకు వాడే 80వ నంబరు నూలు తీసుకోండి. 80 చిలపలు కలిపితే ఒక పౌను, మన లెక్కలో 454 గ్రాములు. అరకిలో కూడా లేని ఆ నూలును పొడుగ్గా పరిస్తే 61 కిలోమీటర్లు దాటుతుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి, తిరిగి కృష్ణ ఒడ్డుకు రాబోయేంత దూరమన్నమాట.

ఈ లెక్క మీకెందుకు చెబుతున్నానంటే, నేతగాడు కొనేది బరువు, వాడుకునేది పొడవు. చిలపలో చుట్లు తగ్గినా, నంబరు కాస్త అటూ ఇటూ అయినా, తక్కెడ ఆ సంగతి చెప్పదు. పడుగు పోసేటప్పుడు నూలు చాలకపోతే తెలుస్తుంది. అప్పటికి రంగు అద్దకం అయిపోయి ఉంటుంది, చిలపలు విప్పి ఉంటాయి. విప్పిన నూలును ఏ దుకాణదారూ వెనక్కి తీసుకోడు.

చిలపే ఎందుకు, కోన్ నూలు కొనుక్కోకూడదా అని అడగొచ్చు. మరమగ్గానికి కోనే కావాలి. చేతిమగ్గానికి చిలప కావాలి. రాత్రంతా నానబెట్టి, కాళ్లతో తొక్కి, తొట్టిలో ముంచితే రంగు ప్రతి పోగుకూ పట్టేది చిలపకే. గట్టిగా చుట్టిన కోన్ లోపలికి రంగు పట్టించాలంటే ఒత్తిడితో పనిచేసే యంత్రాలుండాలి, నేతగాడి పెరట్లో అవి ఎక్కడివి? అందుకే ఎన్ని రకాల నూలు మార్కెట్లో ఉన్నా, చేనేతకు పనికొచ్చేది ఈ ఒక్క రూపమే. అవసరం ఒక్కదాని మీదే ఉన్నవాడికి బేరమాడే బలం ఎంతుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. నూలు మామూలుగా పది పౌన్ల కట్టగా వస్తుంది, నాలుగున్నర కిలోలు. పడుగు కూడా ఒక్క చీరకు పోయరు. మగ్గానికి పడుగు ఎక్కించడం పెద్ద పని కాబట్టి నాలుగైదు చీరలకో, అంతకు మించో ఒకేసారి పోస్తారు. అంటే మొదటి చీర అమ్ముడవకముందే చివరి చీర నూలుకు కూడా డబ్బు పెట్టాలి. ఆ తర్వాత అద్దకం. ఆసు పోయడం. తెల్లవారకముందే పడుగును వీధి పొడవునా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వడం. ఎండ ముదరక ముందే అయిపోవాలి, వాన వస్తే ఆ రోజు పని లేనట్టే. తర్వాత పాత పడుగు పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటీ అతకడం. ఇంట్లో ఆడవాళ్లు రాట్నం మీద కండెలు చుడుతూ ఉంటే నాడె కదులుతుంది. నేసింది అమ్మాలి. అమ్మిన డబ్బు చేతికి రావాలి. నూలు కొన్ననాటికీ డబ్బు చూసిననాటికీ మధ్య వారాలు గడుస్తాయి, ఒక్కోసారి నెలలు. ఆ నెలలన్నీ ఇల్లు గడవాలి గదా!

అందుకే సావుకారు వస్తాడు. ఇప్పటి మాటలో మాస్టర్ వీవర్. నూలు ఆయన ఇస్తాడు, రంగు ఆయన చెబుతాడు, డిజైను ఆయనదే. నేసి ఇచ్చిన చీరకు మజూరీ లెక్కగడతాడు. మగ్గం నేతగాడిది, ఇల్లు నేతగాడిది, పనితనం తాతలనాటిది. కాని నూలు మరొకరిది కాబట్టి చీర కూడా మరొకరిదే. దుకాణంలో దాని ధర రెట్టింపైనా మజూరీ పైసా కదలదు. నేను సావుకార్లను తిట్టడానికి కూర్చోలేదు. నష్టమొచ్చినప్పుడు భరించేది ఆయనే, గోడౌనులో చీరలు పేరుకుపోతే వడ్డీ కట్టేదీ ఆయనే. కాని నేతగాడు స్వతంత్రం పోగొట్టుకున్నది చీరల బజారులో కాదు. అంతకు చాలా ముందు, నూలు కట్ట దగ్గరే పోగొట్టుకున్నాడు.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉందా? లేదు. పత్తి మన చేలో పండేది, మన ఇళ్లలో వడికేవారు, పక్క వీధిలో నేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు వచ్చాక ముందు చేతి వడుకు పోయింది. మగ్గం మాత్రం ఆ నూలుతోనే బతికింది. విదేశీ బట్ట మన నేతను చంపిందని మనం తరచు అంటుంటాం. సగం నిజం అది. నేత నిలబడింది గాని దాని ముడిసరుకు ఊరు దాటిపోయింది, సముద్రం కూడా దాటింది.

అంత సులువుగా ఎందుకు దాటిందో చెప్పే సిద్ధాంతం ఒకటుంది. పరిశ్రమలు ఎక్కడ వెలుస్తాయి అన్నదాని మీద 1909లో జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వేబర్ ఒక పుస్తకం రాశాడు. తయారీలో బరువు పోగొట్టుకునే సరుకు తన పరిశ్రమను తన దగ్గరికే లాక్కుంటుందన్నది అందులో ఒక మాట. చెరకు అలాంటిది. పది టన్నులు ఆడిస్తే ఒక టన్ను చక్కెర వస్తుంది, పైగా కొట్టిన చెరకు నిలవ ఉంటే తీపి తగ్గిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ చెరకు తోటల మధ్యే ఉండాలి. మన బోధన్ ఫ్యాక్టరీ అలా వెలిసిందే. పత్తి వేరు. గింజ తీశాక దూది బరువెంతో నూలు బరువూ ఇంచుమించు అంతే. పాడైపోదు, నలిగిపోదు. పత్తిని ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు. గుంటూరు పత్తి గుంటూరులోనే నూలు కావాలన్న నియమం ప్రకృతి ఏదీ పెట్టలేదు. ఇంగ్లండు మిల్లులున్న లాంకషైరుకు కలిసొచ్చింది అదే.

అయితే దూరం నుంచి సరుకు తెచ్చుకునేవాడికి ఒక గండం పొంచి ఉంటుంది. లాంకషైరు దాన్ని 1861లో చూసింది. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల రేవులు మూసుకుపోయాయి. ఇంగ్లండు మిల్లుల పత్తిలో నాలుగింట మూడొంతులు వచ్చేది అక్కడి నుంచే. మిల్లులు ఆగిపోయాయి, కూలీలు దానధర్మాల మీద బతికారు. యంత్రాలున్నాయి, బొగ్గుంది, పనివాళ్లున్నారు, పెట్టుబడి ఉంది. పత్తి ఒక్కటే లేదు. అప్పుడు వాళ్ల చూపు మన దేశం మీద పడింది. బొంబాయిలో పత్తి వర్తకులు రాత్రికి రాత్రి కోటీశ్వరులయ్యారు. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడిపోయింది, ఆ కోటీశ్వరులే దివాలా తీశారు. మన నేతగాళ్ల మాట ఎవరూ రాయరు గాని, ఆ నాలుగేళ్లూ వాళ్లకూ కరువే. పండిన పత్తి ఓడలెక్కిపోతుంటే ఇక్కడ నూలు కొనగలిగేది ఎవరు?

అంతకు కొన్నేళ్ల ముందే, 1853లో, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ వారు బేరారును తమ పాలన కిందికి తీసుకున్నారు. కాగితం మీద చూపిన కారణం సైన్యం ఖర్చుల బాకీ. అది దేశంలోకెల్లా మంచి పత్తి నేలల్లో ఒకటన్న సంగతి మాంచెస్టర్‌లో ఎవరికీ తెలియకపోలేదు.

ఇప్పుడు ఒక్క నిమిషం పత్తి వదిలి ఉక్కు దగ్గరికి వెళ్తాను. పెద్ద పరిశ్రమకు కూడా ఇదే బాధ ఉంటుందని చెప్పడానికి. విశాఖ ఉక్కు కోసం తెలుగువాళ్లు ఎంత పోరాడారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. సముద్రం ఒడ్డున, మంచి రేవు పక్కన కట్టారు. సున్నపురాయికి జగ్గయ్యపేట గనులున్నాయి. ఇనుప ఖనిజానికి మాత్రం సొంత గని లేదు. బైలడిల్లా ఖనిజాన్ని వేరే ప్రభుత్వ సంస్థ దగ్గర కొనుక్కోవాలి, కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి రావాలి. టాటా ఉక్కుకు సొంత గనులున్నాయి. టన్ను ఉక్కుకు టన్నున్నరకు పైగా ఖనిజం పడుతుంది కాబట్టి ఖనిజం ధర పెరిగిన ఏడాది ఈ రెండు ఫ్యాక్టరీల లెక్కలు ఒకేలా ఉండవు. విశాఖ కార్మికుడు ఎంత నిపుణుడైనా ఆ తేడాను చెమటతో పూడ్చలేడు. ఆ ఫ్యాక్టరీ నష్టాల మీద వాదించేవాళ్లు ముందు గని లెక్క చూసి తర్వాత మాట్లాడితే బాగుంటుందని నా అభిప్రాయం.

మళ్లీ నూలు దగ్గరికి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వానికి ఈ సమస్య తెలియక కాదు. స్పిన్నింగ్ మిల్లులు దేశీ మార్కెట్‌కు కట్టే నూలులో సగం చిలపలుగానే ఉండాలని నిబంధన పెట్టింది. అందులోనూ 85 శాతం 40వ నంబరు, అంతకు లోపు నూలే కావాలంది. కాగితం మీద చక్కగా ఉంది. 2003లో ఆ సగాన్ని 40 శాతం చేశారు, 2019లో 30 శాతానికి దించారు. చిలప నూలుకు అంత గిరాకీ లేదన్నది మిల్లుల వాదన. గిరాకీ ఉంది గాని చేతిలో డబ్బు లేదన్నది మగ్గాల వాదన. రెండింటి మధ్య మూడో సంగతి ఒకటి నడిచింది. చిలప నూలుకు సుంకం మినహాయింపు ఉన్న రోజుల్లో దాన్ని కొని, కోన్లుగా చుట్టి, మరమగ్గాలకు అమ్మేసేవారు. చేనేత పేరిట తయారైన నూలు చేనేతకు చేరకుండానే మాయమయ్యేది.

1991లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నేత ఊళ్లలో ఆకలి చావులు, ఆత్మహత్యలు దేశమంతా వార్తలకెక్కాయి. నూలు ధర ఒక్కసారిగా ఎగిరింది. సావుకార్లు నూలు ఇవ్వడం ఆపేశారు. నూలు లేక మగ్గం ఆగింది, మగ్గం ఆగాక మజూరీ లేదు. ఆ తర్వాతి ఏడాది మిల్లు గేటు ధరకే నూలు ఇచ్చే పథకం వచ్చింది, జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా. ఇప్పుడు ముడిసరుకు సరఫరా పథకం పేరుతో నడుస్తోంది, 15 శాతం రాయితీ కూడా ఉంది. మంచిదే. కాని సంఘం పేరుతో ముందే డబ్బు కట్టి ఇండెంటు పెట్టాలి, లారీ వచ్చేదాకా ఆగాలి. ఇవాళ మగ్గం ఖాళీగా ఉన్నవాడికి వచ్చే నెల చవకగా దొరికే నూలు కన్నా, ఈ సాయంత్రం అప్పుగా దొరికే ఖరీదైన నూలే దిక్కవుతుంది. పథకాలు రాసేవాళ్లకు ధర కనిపించినంతగా రోజులు కనిపించవు.

ఇది చేనేతకే పరిమితం అనుకోకండి. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టర్. అక్కడ సొంత మగ్గాలున్న చిన్నవాళ్లను ఆసాములంటారు. పేరు పెద్దగానే ఉంది! నూలు మాత్రం పెద్ద యజమాని ఇస్తాడు, ఆసామికి మీటరుకు ఇంత అని కూలి. యంత్రం వచ్చినా, కరెంటు వచ్చినా, నూలు ఎవరిదో గుడ్డ వాళ్లదే అన్న సూత్రం మారలేదు. 2024లో ప్రభుత్వం పక్కనే ఉన్న వేములవాడలో నూలు డిపో తెరిచింది. ఆలస్యమైనా సరైన చోట చెయ్యి పెట్టారు. ధర్మవరం పట్టుకూ ఇదే కథ. పక్కనే హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉన్నా దారం బేరాలు కర్ణాటకతో, జరీ బేరాలు సూరత్‌తో.

మరి నూలు చవక చేసేస్తే సరిపోతుందిగా అంటారా? అక్కడే చిక్కు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లి చూడండి. తెల్లటి కుప్పల పక్కన రైతులు నిలబడి ఉంటారు. కొనేవాడు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి లోపలి దూదిని పిడికిట్లో నలిపి చూస్తాడు. తేమ కొలిచే మీటరు గుచ్చుతారు. ఎనిమిది శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ కొననంటుంది. రాత్రి కురిసిన మంచుకు రైతు ఏం చేస్తాడు? పత్తి ఆయనకు ముడిసరుకు కాదు, ఏడాది పంట. మిల్లుకు ఖర్చయ్యే ప్రతి రూపాయీ ఆ కుప్ప పక్కన నిలబడ్డవాడికి ఆదాయం.

2022 మే నెలలో క్యాండీ పత్తి, అంటే 356 కిలోల దూది, లక్ష రూపాయలు దాటింది. అంతకు ముందటి ఏడాది మొదట్లో అందులో సగమే. మిల్లులు గగ్గోలు పెట్టాయి, మగ్గాలు నెమ్మదించాయి, కేంద్రం ఏప్రిల్‌లోనే దిగుమతి సుంకం తీసేసింది. అప్పటికి రైతులు చాలామంది పంట అమ్మేసుకున్నారు, పెరిగిన ధర వ్యాపారుల గోడౌన్లకే దక్కింది. 2025 ఆగస్టులో సుంకం మళ్లీ తీసేశారు, అది కొత్త పంట రావడానికి కొద్ది వారాల ముందు. ఈసారి గగ్గోలు రైతులది. ఎవరిది న్యాయమంటే నేను రైతు పక్షమే చెబుతాను. నూలు ధర తగ్గించడానికి నేతగాడి పేరు చెప్పి పత్తి ధర తొక్కడం అన్యాయం. ఎందుకంటే చీర ధరలో పత్తి రైతుకు చేరేది చాలా కొంచెం. మధ్యలో జిన్నింగు, బేలు కట్టడం, లారీ, స్పిన్నింగు, డీలరు, సావుకారు ఉన్నారు. 2017 జులై నుంచి నూలు మీద 5 శాతం జీఎస్టీ కూడా చేరింది.

ఆ మధ్యలోని దూరాన్నే తగ్గించాలని చూసినవాళ్లున్నారు. మన జిన్నింగు మిల్లుల్లో దూదిని 170 కిలోల బేళ్లుగా రాయిలా నొక్కేస్తారు. ఓడల్లో చోటు కలిసిరావాలని మొదలైన అలవాటది. పక్క ఊళ్లోనే వడికేటట్టయితే అలా నొక్కడం, మళ్లీ మిల్లులో యంత్రాలు పెట్టి ఆ గట్టిదనాన్ని విడగొట్టడం ఎందుకు అని అడిగారు దస్తకార్ ఆంధ్రను స్థాపించిన ఉజ్రమ్మ. బేలు కట్టని దూదినే చిన్న యూనిట్లలో వడికి మగ్గాలకిచ్చే ప్రయత్నం మల్ఖా పేరుతో సాగింది. గుడ్డ మెత్తగా ఉంటుంది, కట్టుకున్నవాళ్లు వదలరు. మిల్లు నూలుతో ధరలో పోటీ పడడం మాత్రం కష్టమే.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఊళ్లోనే పత్తి వడికే పని ఎప్పుడూ ఆగలేదు. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్లున్న ఆ ఎముక గింజ చుట్టూ ఉన్న పీచును తెగకుండా సాపు చేస్తుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. వందో నంబరు నూలు చేతితో వస్తుంది, నమ్మండి. గాంధీగారి దాకా వెళ్లిన ఖద్దరు అది. ఇవాళ పొందూరుకు వస్తున్న చిక్కు నేతలో లేదు, పనితనంలోనూ లేదు. కొండపత్తి వేసే రైతులు తగ్గిపోతున్నారు, దువ్వి వడికే ఆడవాళ్లకు రోజంతా కూర్చుంటే వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు.

మీ ఊళ్లో చేనేత సహకార సంఘం ఉంటే, ఈసారి సర్వసభ్య సమావేశానికి వెళ్లి చీరల అమ్మకాల గురించి కాక నూలు గురించి అడగండి. డిపోలో ఇవాళ ఎన్ని కట్టలున్నాయి? కట్ట విప్పి కిలో, రెండు కిలోలు అమ్ముతారా? ఆరు వారాల అప్పు మీద ఇస్తారా? చిలప పొడవు ఎవరు కొలుస్తున్నారు? సంఘం దగ్గర జవాబు లేకపోతే, పక్క వీధిలో సావుకారు దగ్గర మాత్రం తప్పకుండా ఉంటుంది.